అరటిబోదెల చాటున

9 మే 1977, సోమవారం. పామర్రు

హాలు స్లాబు పోయడం అయింది. ఒళ్ళంతా సిమెంటు. రెండుసార్లు తలకి పోసుకున్నా జుట్టు తాటిపీచులానే ఉంది. బసవయ్యగారు కూలీలందరికీ పులిహోర, బూరెలు పెట్టించారు. నాకు మాత్రం అరుగు మీద విడిగా ఆకు వేశారు. అది గౌరవమో మరొకటో నాకు తెలుసు. ఇంజనీరునైనా కొల్లేటి లంకల నుంచి వచ్చినవాణ్ణి కదా. పోనీ, బూరెలు బాగున్నాయి.

ఇంట్లో మిగతా గదులన్నీ ఎప్పుడో అయిపోయాయి. సిమెంటు పర్మిట్ ఆలస్యమై ఈ ముందు హాలొక్కటే ఆగింది. ఇరవయ్యో తారీకున గృహప్రవేశం. అది దాటితే మూఢం, ఆ తరవాత ఆషాఢం, ఆ తరవాత అధిక శ్రావణం. ఆగస్టు దాకా మంచి రోజు లేదట. అందుకే ఈ పరుగు.

నాకూ ఆ ఇరవయ్యో తారీకే కావాలి. బసవయ్యగారి భార్య మాణిక్యమ్మగారికి కూచిపూడి వైపు తమ్ముడు వరస ఒకాయన ఉన్నారు, వెంకటకృష్ణారావుగారు. ఇప్పుడు బొంబాయి కంపెనీలో పెద్ద ఇంజనీరు. ఆ కంపెనీ మస్కట్‌లో భవనాలు కడుతోంది. మనుషులు కావాలి, కానీ రెండేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు కావాలి. నాకున్నది ఏడు నెలలు, అదీ ఈ ఒక్క ఇంటి మీద. మా కాంట్రాక్టరు తిరుపతిరావుగారు తేల్చేశారు.

"కాయితాలెందుకయ్యా పోలరాజూ? ఆయన పూజకి వస్తాడుగా. ఇల్లు చూపిద్దాం. పునాది కాణ్ణుంచి మావోడే చూసుకున్నాడని నేను చెప్తా."

అంటే ఈ ఇల్లే నా అనుభవం. గోడలు బాగానే వచ్చాయి.

10 మే

కాలువ కట్టేసి నెల దాటింది. గట్టు పక్కనే ఇల్లు, చెంబెడు నీళ్ళు లేవు. స్లాబు గట్టిపడాలంటే దాని మీద మట్టి గట్లు కట్టి మడిలా నీళ్ళు నిలపాలి. కూలి మనిషి రూతు ఒక్కతే బావి నుంచి బిందెలతో మోస్తోంది. ఆమె ఇంకో బిందె తెచ్చేలోపు ముందు పోసినవి ఇంకిపోతున్నాయి.

"ఇది డాబానా, పెనమా ఇంజనీరుబాబూ?" అంది. నవ్వాను. నవ్వాల్సిన సంగతి కాదు.

13 మే

నాన్న వచ్చాడు. బుట్టలో ఎండుచేపలు తెచ్చి, బసవయ్యగారి ఇంటి ముందు అది పట్టుకుని లోపలికి రాకూడదని రోడ్డవతలే నిలబడ్డాడు. నేనే వెళ్ళాను. అక్కడి నుంచే తల ఎత్తి ఇల్లంతా చూశాడు.

"ఇదంతా నువ్వే కట్టావంట్రా?"

"నేను కట్టలేదు నాన్నా. కట్టించాను."

"అదే. మీ అమ్మ పెద్దింట్లమ్మకి చీర మొక్కుకుంది. నేను ఊళ్ళో అందరికీ చెప్పేశాలే, మస్కట్ అని."

"ఇంకా ఖాయం కాలేదు."

"అయిపోద్ది. మనోళ్ళలో బి.ఇ. చదివినోడివి నువ్వొక్కడివేగా. నీకు కాక ఎవరికిస్తారు?"

నాకు ఒళ్ళు మండింది. గవర్నమెంటులో కొత్తవాళ్ళని తీసుకోవడం లేదనీ, ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్చేంజిలో నా ముందు ఎంతమంది ఉన్నారనీ ఎన్నిసార్లు చెప్పాను! పాసై ఏడాది ఖాళీగా ఉన్నప్పుడు ఊరు వెళితే, "బాబు ఇంకా సెలవుల్లోనే ఉన్నాడా?" అని అడిగేవాళ్ళు. ఇప్పుడు మస్కట్ పోకపోతే ఆ ఊళ్ళో మళ్ళీ మొహం ఎలా చూపించాలి? ఇదంతా నాన్నతో అనలేదు. బస్సెక్కించాను. ఎండుచేపలు రూతుకి ఇచ్చేశాను.

14 మే

రూతుని మానిపించి గుడివాడలో కాంట్రాక్టరుగారి ఇంకో పనికి పంపేశారు. స్లాబుకి నీళ్ళు ఆగిపోయాయి. అడుగుదామనే వెళ్ళాను. తిరుపతిరావుగారు పక్కన కూర్చోబెట్టుకుని, టీ తెప్పించి, మస్కట్ సంగతి ఎత్తారు. అక్కడ ఇంజనీర్లకి ఏ.సి. గదులిస్తారట. టీ అయ్యాక వచ్చేశాను.

సాయంత్రం నేనే పది బిందెలు మోశాను. బసవయ్యగారి పాలేరు చూసి నవ్వాడు. ఇంజనీరు బిందెలు మోయడమేమిటని. నిజమే, బాగోదు. రేపటి నుంచి మొయ్యను.

15 మే, ఆదివారం

స్లాబు కింది సెంట్రింగు పలకలూ కర్రలూ ఎప్పుడు విప్పాలన్నదాని మీద అరుగు మీద మీటింగు. హాల్లో సత్యనారాయణ వ్రతం. నిలువునా కర్రల అడివి ఉంటే పీటలెక్కడ వేస్తారు, జనమెక్కడ కూర్చుంటారు?

"కొత్తింట్లో మోటు కర్రల మధ్య కూర్చుని వ్రతం చేసుకోనా? నలుగురూ ఏవనుకుంటారు?" అన్నారు మాణిక్యమ్మగారు.

గురువారం విప్పుదామన్నాను. గురువారానికి ఇల్లు కడిగి, అలంకరణ చేయాలన్నారు. బుధవారం అన్నాను. బుధవారం అమావాస్య, ఇంట్లోంచి ఏదీ కదపకూడదన్నారు బసవయ్యగారు. సెంట్రింగు మేస్త్రి శౌరయ్య, "మా చర్చిలో అమావాస్యలు లేవు గానీ, అయ్యగారి ఇష్టం," అన్నాడు. చివరికి మంగళవారం ఖాయమైంది. ఆ కర్రలు గుడివాడ పనికి కావాలని తిరుపతిరావుగారికి అదే సంబరం.

అందరూ నావైపు చూశారు. "వేసవి కదండీ, త్వరగా గట్టిపడుతుంది," అన్నాను.

నోరు దానంతటదే అనేసింది.

16 మే

పుస్తకం తీశాను. పదిహేనడుగులు దాటని స్లాబుకి వారం చాలు. దాటితే పద్నాలుగు రోజులు ఉంచాలి. హాలు వెడల్పు పదహారు.

టేపు పట్టుకుని మళ్ళీ కొలిచాను. పదహారే. గోడలకి పూత ఇంకా వేయలేదు. రెండు పక్కలా పూత పడితే కొంత తగ్గుతుంది. పదిహేనున్నర అనుకుందాం. పదిహేనున్నర అంటే పదిహేను కిందే లెక్క.

పుస్తకాలు రాసినవాళ్ళు చలిదేశాల వాళ్ళు. పామర్రు మే నెల వాళ్ళకేం తెలుసు?

17 మే

విప్పేశాం. ఏమీ కాలేదు.

విప్పకముందు ఒక వరస పలకలు ఊడదీయించి, ఈ గోడకీ ఆ గోడకీ మేకులు కొట్టి, స్లాబు కింద దారం బిగించి కట్టాను. స్లాబుకీ దారానికీ మధ్య సరిగ్గా నా చూపుడువేలు పట్టేంత సందు. విప్పాకా వేలు పట్టింది. అనవసరంగా భయపడ్డాను. హాలు ఖాళీగా, విశాలంగా, అచ్చం పెళ్ళి హాల్లా ఉంది. మాణిక్యమ్మగారు నడిమధ్యన నిలబడి చుట్టూ తిరిగి చూసుకున్నారు. "మా తమ్ముడికి నీ సంగతి గట్టిగా చెప్తాలే అబ్బాయ్," అన్నారు.

18 మే, అమావాస్య

సందులో వేలు పట్టలేదు.

ఎండకి దారం బిగుసుకుని ఉంటుంది.

18 మే, సాయంత్రం

దారం మార్చి కట్టి చూడాల్సింది. చూడలేదు. నిచ్చెన వేసుకుని స్లాబు మధ్యన తడిమాను. సన్నని గీత ఒకటి గది పొడుగునా ఉంది. గోరు పెడితే కొంచెం ఆగుతోంది. పలకల అతుకు గీత అయ్యుండొచ్చు. పలకల అతుకులు వెడల్పున ఉన్నాయి, ఇది పొడుగున ఉంది. అయినా అతుకే అయ్యుండొచ్చు.

శౌరయ్యకి చూపించాను. "ఇట్టాంటివి వందిళ్ళలో చూశానండీ, సున్నం ఏస్తే పోద్ది," అన్నాడు. పోయేది గీత. కిందకి వాలింది స్లాబు. అది సున్నంతో పైకి లేవదు కదా.

19 మే

అన్నం సయించలేదు. రేపు ఈ హాల్లో వందమంది కూర్చుంటారు. ఈ ఎండలకి చుట్టాలంతా రాత్రి డాబా మీదే పడుకుంటారు. కొత్తింట్లో మూడు రాత్రులు నిద్ర చేయాలి కదా. పిల్లలు, ముసలివాళ్ళు, మంచినీళ్ళ కూజాలు, అందరూ ఆ స్లాబు మీద. నాకు భయం వేసింది. లెక్కలూ పుస్తకాలూ ఏమీ కాదు, ఉత్త భయం.

బసవయ్యగారితో చెబుదామని వెళ్ళాను. వంటవాళ్ళతో, పందిరి వాళ్ళతో తలమునకలై ఉన్నారు. "ఏవయ్యా ఇంజనీరూ, అంతా బాగుందిగా?" అన్నారు. బాగుందండీ అన్నాను.

అప్పుడు హాల్లో మాణిక్యమ్మగారు వ్రతం పీటకి నాలుగు మూలలా అరటిబోదెలు ఎక్కడ నిలబెట్టాలో ముగ్గుతో గుర్తులు పెడుతున్నారు. గుర్తులు సరిగ్గా గీతకి అటు రెండూ ఇటు రెండూ పడ్డాయి. వ్రతం మంటపం ఎలాగూ ఉండాలి. నాలుగు స్తంభాలు ఎలాగూ ఉండాలి.

"మంటపం నేను కట్టిస్తానండీ," అన్నాను.

ఆమె ఎంత సంతోషించారో!

మధ్యాహ్నం అందరూ నడుం వాల్చినప్పుడు శౌరయ్యా నేనూ నాలుగు సరుగుడు కర్రలు పోటు పెట్టాం. పైన రెండు దుంగలు అడ్డంగా పట్టించి, కర్రల కింద చెక్కముక్కలు కొట్టి బిగించాం. దుంగలు కనబడకుండా చాందినీ గుడ్డ కట్టాం. కర్రల చుట్టూ అరటిబోదెలు, మామిడాకులు, రంగు కాగితాలు. తిరుపతిరావుగారు వచ్చి చూసి, ముందు కళ్ళెర్రజేశారు. తరవాత ఆయనకే నవ్వొచ్చింది.

"బుర్ర ఉన్నోడివేనయ్యా! ఆదివారం కర్రలకి బండొస్తుంది. అప్పటికి తీసేయాలి మరి."

ఆదివారానికీ పద్నాలుగు రోజులు నిండవు. సగం రోజులు నీళ్ళే లేవు కాబట్టి ఇరవై రోజులు దాటాక తీయాలి. ఆ సంగతి తరవాత చూసుకోవచ్చు. రేపు గడవాలి.

20 మే, శుక్రవారం

అయింది. అన్నీ అయ్యాయి. వరసగా రాయాలి, లేకపోతే నేనే నమ్మను.

ముందు ఆవుని, దూడని ఇంట్లోకి తీసుకొచ్చారు. ఆవు హాలు మధ్యకి వచ్చి ఆగింది. మంటపం దగ్గర లేత అరటాకు కనబడింది దానికి. పాలేరు తాడు లాగేలోపే నోటితో అందుకుని ఒక్క గుంజు గుంజింది. ఆకుతోపాటు బోదె పొర జారి సరుగుడు కర్ర జానెడు మేర బయటపడింది. అందరూ నవ్వుతున్నారు. గోమాత ప్రసాదం తీసుకుందన్నారు పంతులుగారు. నేను వెళ్ళి పొర సర్ది, మామిడాకులు అడ్డం పెట్టాను. తల తిప్పేసరికి తెల్లచొక్కా, నల్లకళ్ళద్దాలు. వెంకటకృష్ణారావుగారు. కర్ర కేసే చూస్తున్నారు.

మాణిక్యమ్మగారు పీటల మీద కూర్చునే ముందు నాలుగు స్తంభాలకీ పసుపు రాసి బొట్లు పెట్టారు. కళ్ళకద్దుకున్నారు కూడా. ఆ కాసేపూ నేను గుమ్మం దాటి వెళ్ళి నిలబడ్డాను.

భోజనాల తరవాత ఆయన నన్ను డాబా మీదకి రమ్మన్నారు. సిగరెట్టు వెలిగించి, కాలితో స్లాబు తట్టి, ఎప్పుడు పోశావన్నారు.

"తొమ్మిదిన అండీ."

"విప్పింది?"

"పదిహేడున."

"పోట్లు మళ్ళీ ఎప్పుడు పెట్టావ్?"

"నిన్న అండీ. కొంచెం వాలింది."

"మా అక్కకి తెలుసా?"

"తెలీదండీ."

నా పని అయిపోయిందనుకున్నాను. ఆయన నవ్వడం మొదలుపెట్టారు. పొగ మింగి దగ్గొచ్చేదాకా నవ్వారు.

"పనికొస్తావయ్యా. అక్కడ షేకులక్కూడా ఇట్టాగే అరటిబోదెలు కట్టాల్సొస్తుంది. సంతకం పెట్టే ఇంజనీర్లు బోలెడుమంది దొరుకుతారు. యజమాని మొహం మీద నవ్వు పోకుండా పని నడిపేవాడు దొరకడు. ఆదివారం పన్నెండింటికల్లా బెజవాడ వన్ టౌన్‌లో నా లాడ్జికి పాస్‌పోర్టుతో రా. సాయంత్రం బండికే బొంబాయి."

"మరి ఈ పోట్లండీ?"

"పదిరోజులు దాటితే ఏం కాదు. మేం ఏడో రోజే పీకేస్తాం."

"నీళ్ళు సరిగా పెట్టలేదండీ."

"నువ్విక మస్కట్ ఇంజనీరువి. పామర్రు స్లాబు గొడవ తిరుపతిరావు చూసుకుంటాడు."

మస్కట్! అమ్మకి, నాన్నకి చెప్పాలి. పెద్దింట్లమ్మ చీర కొనాలి. సంతోషంగానే ఉంది. చాలా సంతోషంగా ఉంది.

21 మే

రాత్రి చుట్టాలంతా డాబా మీద పడుకున్నారు. పోట్లు ఉన్నాయి కాబట్టి బెంగలేదు. పొద్దున్న లెక్కపెట్టాను, పద్దెనిమిది చాపలు. రేపు బండొస్తుంది. రేపు రాత్రీ ఇక్కడే పడుకుంటారట.

ఆయన పెద్ద ఇంజనీరు. ఆయన అన్నాడంటే తెలిసే అంటాడు. నాకన్నా ఆయనకి తెలియదా? పైగా అక్క అని పిలిచే ఆవిడ ఇల్లు కదా?

ట్రంకుపెట్టె సర్దేశాను.

22 మే, ఆదివారం. ఉయ్యూరు బస్టాండు

నేను బస్సెక్కుతుంటే గుడివాడ బండి బసవయ్యగారి వీధిలోకి తిరిగింది. బండి మీద శౌరయ్య. చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను.

ఉయ్యూరులో దిగాను. టీ తాగుదామని. బస్సు వెళ్ళిపోయింది. పిలవొచ్చు, పిలవలేదు. బెజవాడ బస్సు ఇంకొకటి వచ్చి వెళ్ళింది. పామర్రు వైపు బస్సు వస్తోంది.

22 మే, పామర్రు

ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని బస్టాండు నుంచి పరుగెత్తాను. వెళ్ళేసరికి చాందినీ తీసేసి ఉంది. రెండు కర్రలు వాకిట్లో పడున్నాయి, పసుపూ బొట్లూ అలాగే ఉన్నాయి. శౌరయ్య మూడోదాని కింద చెక్కముక్క మీద సుత్తి ఎత్తాడు.

"ఆగు!" అని అరిచాను.

"కాంట్రాక్టరుగారు తీయమన్నారండీ బాబూ."

"ఆగమంటుంటే!"

ఆ కేకకి మాణిక్యమ్మగారు వంటింట్లోంచి వచ్చారు. "అదేంటి, మస్కట్ ఎల్లలా నువ్వు?" అన్నారు. చెప్పేశాను. గీత గురించి, దారం గురించి, ఆగిపోయిన నీళ్ళ గురించి, మంటపం ఎందుకు కట్టానో. చెబుతుంటే ఆమె మొహం ఎలా మారిందో రాయలేను.

"అయితే నేను పసుపు రాసి దణ్ణం పెట్టింది ఈ మోటు కర్రలకా?"

"అవునండీ."

"వ్రతంలో కూర్చోబెట్టి నన్ను వెర్రిదాన్ని చేశావా? ఎంత నమ్మాను రా నిన్ను! పిల్లలు రెండు రాత్రులు పైనే పడుకున్నారు!"

"అప్పుడు పోట్లున్నాయండీ. ఈ రాత్రికి ఉండవు. అందుకే వచ్చాను."

ఆమె కుర్చీలో కూలబడ్డారు. ఏడుస్తారేమో అనుకున్నాను. ఏడవలేదు. "ముందా కర్రలు మళ్ళీ పెట్టించు," అన్నారు, నా మొహం చూడకుండా. బసవయ్యగారు బండిని ఖాళీగా వెనక్కి పంపేశారు. తిరుపతిరావుగారు సాయంత్రం వచ్చి వీధిలోనే నిలబడి తిట్టారు. అన్నం పెట్టినచోటే అని మొదలుపెట్టి, నా కులం దాకా వెళ్ళారు. కృష్ణాజిల్లాలో ఎవడూ నన్ను పనిలో పెట్టుకోకుండా చేస్తానన్నారు. విన్నాను. ఆయన మాట్లాడుతున్నంతసేపూ గడియారం చూస్తున్నాను. బొంబాయి బండి టైము దాటిపోయింది.

24 మే. విజయవాడ

ఏదైనా చెప్పి వెళ్ళారేమోనని లాడ్జికి వెళ్ళాను. నా కోసం రెండు గంటల దాకా చూశారట. తరవాత గుంటూరు కుర్రాణ్ణి ఒకణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళారట. నా పేరు చెప్పి ఏమన్నారని మేనేజరుని అడిగాను. "ఏం అనలేదండీ," అన్నాడు.

మళ్ళీ వస్తారు. మనుషులు కావాలి కదా వాళ్ళకి. తప్పకుండా వస్తారు.

ఇంటికి ఉత్తరం రాయలేదు.

30 మే, సోమవారం. పామర్రు

ఈ వారం రోజులూ స్లాబుకి నేనే నీళ్ళు మోశాను. బసవయ్యగారు వద్దనలేదు, రమ్మనీ అనలేదు. మూడోరోజు నుంచి పాలేరు కూడా ఒక బిందె పట్టుకున్నాడు.

ఇవాళ పోట్లు తీశాం. అందరినీ బయటికి పంపించాను. కొత్త దారం కట్టాను. శౌరయ్య ఒక్కొక్కటే తీశాడు, ఆఖరిది నేను తీశాను. కర్ర పక్కకి వాల్చి, అక్కడే నిలబడి పైకి చూశాను.

ఏమీ కాలేదు.

దారం దగ్గర సందు అలాగే ఉంది. గీత అలాగే ఉంది. తిరుపతిరావుగారు గుమ్మంలో నిలబడి, "ఏవైంది? ఏవైనా అయిందా? ఆదివారం తీసినా ఇంతే అయ్యేది," అన్నారు. అయ్యుండొచ్చు. కాకపోయుండొచ్చు. ఆ ఆదివారం తీసి ఉంటే ఏమయ్యేదో ఇక ఎవరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను.

ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఆ స్లాబు కూలిపోతే బాగుండనిపించింది. నా నెత్తిన పడినా సరే. మస్కట్ ఎందుకు వదులుకున్నావురా అని నాన్న అడిగితే వేలు పెట్టి చూపించడానికి ఏదో ఒకటి ఉండేది. ఇంత చదివి, ఒకరి ఇల్లు కూలాలని కోరుకున్నాను. సిగ్గేసింది. కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి.

పొద్దు వాలాక పిల్లలు చాపలు చంకన పెట్టుకుని మెట్ల దగ్గరికి చేరారు. వారం నుంచీ వాళ్ళని డాబా ఎక్కనివ్వడం లేదు. మాణిక్యమ్మగారు వాళ్ళని ఆపి నా దగ్గరికి వచ్చారు. ఆ రోజు తరవాత నాతో మాట్లాడటం ఇదే.

"ఎక్కమంటావా?"

"ఎక్కమనండి."

ఆమె కదల్లేదు. నా మొహంలోకే చూస్తున్నారు. అరుగు మీదున్న నా చాప తెచ్చి, హాలు మధ్యలో, గీత కింద పరిచాను.

"ఎక్కండర్రా," అన్నారు ఆమె పిల్లలతో.

ఇది రాస్తున్నప్పుడు పైన పరుగులు పెడుతున్నారు. ఎవరో గెంతుతున్నారు. పెద్దవాళ్ళు కూజాలు దించుకుంటున్న చప్పుడు వినబడుతోంది. డైరీ మీద ఇంతవరకు ఇసుకరేణువు కూడా రాలలేదు. ఇందాక ఆమె గుమ్మం దాకా వచ్చి, "అన్నం వంటింట్లో పెట్టాను, లేచొచ్చి తిను," అని వెళ్ళారు. అరుగు మీద అనలేదు, వంటింట్లో అన్నారు. వెళ్ళాలి, ఆకలిగా ఉంది. తినేసి వచ్చి ఇక్కడే పడుకుంటాను.